గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు



"గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు" అని మన తెలుగులో ఒక సామెత ఉంది. మనం దీన్ని సాధారణంగా విసుగుతో వాడతాం. పని చేయని దానికి కూడా ఖర్చు తప్పడం లేదే అన్న బాధ అందులో ఉంటుంది. కానీ ఇదే మాటను ఒక ధర్మంగా, ఒక నియమంగా చెప్పిన మనిషి నా చిన్నతనంలో మా వీధిలో ఉండేవారు. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళి వచ్చారు. ఆ తరువాత ముప్పై ఏళ్ళకు పైగా బెంగుళూరులో ఒక బట్టల మిల్లులో పని చేశారు. చివరిదాకా గుర్రాలంటే ప్రాణం పెట్టారు. వీధిలో పిల్లలందరికీ ఆయన గుర్రాల తాత. ఈనాటి ప్రసంగంలో ఆయన జీవితాన్ని ఆధారం చేసుకుని, ఆ తరం వారు చూసిన యుద్ధం, మిల్లు, గుర్రం, ఈ మూడింటి గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

తాత పూర్వీకులు కోలారు వైపు నుంచి బెంగుళూరు చేరిన తెలుగువారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, దండు ప్రాంతంలో తమిళం, ఉర్దూ. సరిహద్దు జిల్లాల వారికి ఇది కొత్త కాదు. 1914లో యుద్ధం మొదలైనప్పుడు ఆయనకు పదహారు, పదిహేడేళ్ళు. మైసూరు సంస్థానపు అశ్విక దళం, అంటే మైసూరు లాన్సర్స్, విదేశాలకు బయలుదేరింది. తాత ఆ దళం వెంట సయీసుగా వెళ్ళారు. గుర్రానికి మేత, నీళ్ళు, మాలీసు, గిట్టల శుభ్రం చూసుకునే మనిషిని సయీసు అంటారు. "నేను ఈటె పట్టినోణ్ణి కాదప్పా, ఈటె పట్టినోడి గుర్రాన్ని పట్టినోణ్ణి" అని ఆయన నవ్వుతూ చెప్పేవారు.

ఆ రోజుల్లో సంస్థానాలు తమ ఖర్చుతో కొన్ని దళాలను పోషించి, అవసరమైనప్పుడు బ్రిటిష్ ప్రభుత్వానికి పంపేవి. హైదరాబాదు, మైసూరు, పటియాలా సంస్థానాల లాన్సర్లను కలిపి 15వ ఇంపీరియల్ సర్వీస్ అశ్విక బ్రిగేడుగా ఈజిప్టులో నిలిపారు. 1918లో జోధ్‌పూర్ దళం వచ్చి చేరింది. మొదట్లో సూయజ్ కాలువను కాపాడటం వారి పని. తరువాత పాలస్తీనా పోరాటం.

గుర్రాన్ని ఓడలో తీసుకుపోవడం ఎంత కష్టమో తాత చెబుతుంటే వినాలి. గుర్రం నిలబడి కునుకు తీయగలదు. దాని కాళ్ళ కీళ్ళు, నరాలు బిగిసి బరువు మోసే ఏర్పాటు పుట్టుకతోనే ఉంది. కానీ గాఢంగా నిద్రపోవాలంటే కాసేపయినా పడుకోవాలి. ఓడలో ఇరుకైన కొయ్యల మధ్య దానికి ఆ వీలు ఉండదు. పైగా గుర్రం నోటితో ఊపిరి పీల్చలేదు, ముక్కుతోనే పీల్చాలి. వాంతి చేసుకోవడం దానికి సాధ్యం కాదు. ఓడ ఊగినప్పుడు మనిషైతే కక్కి తేలికపడతాడు. గుర్రం ఆ బాధను లోపలే దిగమింగుకోవాలి. అందుకే సయీసులు వంతుల వారీగా మేలుకుని గుర్రాల కాళ్ళు రుద్దుతూ, మేత కొంచెం కొంచెంగా పెడుతూ ఉండేవారట. తాతకు అప్పగించిన గుర్రం ఎర్రటిది. దాన్ని ఆయన ఎప్పుడూ "ఎర్రది" అనే అనేవారు.

ఆ కాలంలో మన దేశపు సైన్యానికి గుర్రాలు చాలావరకు ఆస్ట్రేలియా నుంచి వచ్చేవి. న్యూ సౌత్ వేల్స్ నుంచి వచ్చినవి కనుక వాటిని వేలర్ గుర్రాలు అనేవారు. మద్రాసు, కలకత్తా రేవుల్లో దిగి, అక్కడి నుంచి దండులకు చేరేవి. ఎండకు తట్టుకుంటాయి, దూరం నడుస్తాయి, ఉన్న మేతతో సరిపెట్టుకుంటాయి అని వాటికి పేరు.

ఇక హైఫా సంగతి. 1918 సెప్టెంబరు 23న పాలస్తీనాలోని హైఫా రేవు పట్టణాన్ని పట్టుకోవడానికి ఈ బ్రిగేడు వెళ్ళింది. ఒక పక్క కార్మెల్ కొండ, మరో పక్క కిషోన్ నది, దాని ఒడ్డున గుర్రం కాలు దిగబడే ఊబి. కొండ మీద ఫిరంగులు, దారి పొడుగునా మరతుపాకులు. జోధ్‌పూర్ లాన్సర్లు ముందు నుంచి ఈటెలతో దూసుకుపోయారు. వారి నాయకుడు మేజర్ దల్పత్ సింగ్ ఆ పోరులోనే ప్రాణం వదిలారు. మైసూరు లాన్సర్లలో ఒక భాగం కార్మెల్ కొండ ఏటవాలు దారిన పైకెక్కి ఫిరంగులను పట్టుకుంది. సాయంత్రానికల్లా పట్టణం వశమైంది. 1,350 మంది బందీలుగా చిక్కారు. 17 ఫిరంగులు, 11 మరతుపాకులు దొరికాయి. మరతుపాకుల కాలంలో గుర్రం మీద ఈటె పట్టి పట్టణాన్ని గెలవడం చాలా అరుదైన విషయం. అందుకే యుద్ధ చరిత్రలో దీనికి ఒక చోటు ఉంది.

బ్రిగేడు వైపు చనిపోయిన మనుషులు 8 మంది, గాయపడినవారు 34 మంది. చనిపోయిన గుర్రాలు 60, గాయపడినవి 83. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మనిషికి తగలవలసిన దెబ్బల్లో ఎన్ని గుర్రానికి తగిలాయో తెలుస్తుంది. "ఆ పొద్దు నా పని ఏమంటే, ఖాళీ జీనుతో వచ్చే గుర్రాలను పట్టుకునేది. గుర్రం వస్తే, మనిషి ఏమైనాడో అని ఏడ్చేవాళ్ళు. మనిషి వస్తే, గుర్రం ఏమైందని అడిగేవాళ్ళు తక్కువ" అనేవారు తాత.

ఆ బ్రిగేడు జ్ఞాపకంగా 1922లో ఢిల్లీలో మూడు కంచు విగ్రహాలు నిలిపారు. అవి హైదరాబాదు, జోధ్‌పూర్, మైసూరు సంస్థానాల లాన్సర్లకు గుర్తు. తీన్ మూర్తి అన్న పేరు అందువల్ల వచ్చిందే. 2018లో ఆ కూడలికి తీన్ మూర్తి హైఫా చౌక్ అని పేరు పెట్టారు. బెంగుళూరులో జె.సి.నగర్ వైపు మైసూరు లాన్సర్ల స్మారకం ఉంది. తాత దశమి పండుగ నాడు అక్కడికి వెళ్ళి, ఒక గుప్పెడు ఉలవలు పక్కన పెట్టి వచ్చేవారు. మనుషుల పేర్లున్న చోట గుర్రాల మేత ఎందుకు తాతా అని నేను ఒకసారి అడిగాను. "మనుషులకు పేర్లు రాసినారు కదప్పా, వాటికి ఇదే" అన్నారు.

యుద్ధం ముగిశాక ఏం జరిగిందో చాలామందికి తెలియదు. ఆస్ట్రేలియా ఆ యుద్ధానికి లక్షా ముప్పై వేలకు పైగా గుర్రాలను పంపింది. వాటిలో తిరిగి స్వదేశం చేరింది ఒకే ఒక్కటి. అది జనరల్ బ్రిడ్జెస్ గుర్రం, పేరు శాండీ. మిగిలినవాటిని ఓడలో తీసుకుపోవాలంటే ఖర్చు, జబ్బులు వ్యాపిస్తాయని భయం. ముసలివాటిని, నడవలేనివాటిని కాల్చివేశారు. కొన్నింటిని ఇతర దళాలకు ఇచ్చారు. బ్రిటిష్ సైన్యం ఈజిప్టులో వేల గుర్రాలను అక్కడి వారికే అమ్మివేసింది. తాత చూసుకున్న ఎర్రది కూడా ముసలిదైపోయిందని లెక్కలో నుంచి తీసేశారట. ఏ చేతికి పోయిందో ఆయనకు తెలియలేదు. ఈ ఒక్క విషయం చెప్పేటప్పుడు మాత్రం తాత మాట ఆపి, చుట్ట వెలిగించుకునేవారు.

1930లో డొరొతీ బ్రూక్ అనే ఇంగ్లీషు మహిళ, సైనికాధికారి అయిన భర్తతో కైరో వెళ్ళారు. అక్కడ రాళ్ళ బండ్లు, చెత్త బండ్లు లాగుతున్న ముసలి గుర్రాల ఒంటి మీద సైన్యం వేసిన ముద్ర ఆమె కంట పడింది. యుద్ధం ముగిసి పన్నెండేళ్ళయినా అవి ఇంకా బండి లాగుతూనే ఉన్నాయి. కొన్నింటికి చూపు పోయింది, కొన్ని కుంటుతున్నాయి. 1931లో ఆమె మార్నింగ్ పోస్ట్ అనే లండన్ పత్రికకు ఒక ఉత్తరం రాశారు. ప్రజలు విరాళాలు పంపారు. ఆ డబ్బుతో మూడేళ్ళలో సుమారు 5,000 గుర్రాలను ఆమె కొన్నారు. చాలావరకు కోలుకునే స్థితి దాటిపోయినవే. వాటికి కడుపునిండా మేత, నీళ్ళు, మెత్తని పరుపు వేసి, బాధ లేకుండా కన్ను మూసేలా చేశారు. 1934లో కైరోలో ముసలి యుద్ధ గుర్రాల కోసం ఆసుపత్రి పెట్టారు. ఆ సంస్థ బ్రూక్ పేరుతో నేటికీ నడుస్తోంది. మన దేశంలో ఇటుక బట్టీల్లో, బండ్ల కింద పనిచేసే గుర్రాలకు, గాడిదలకు వైద్యం అందేలా కూడా చూస్తోంది. మా తాత ఈ డొరొతీ బ్రూక్ పేరు ఎప్పుడూ వినలేదు. నేను పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. అప్పటికి తాత లేరు. ఉండి ఉంటే, ఆ 5,000లో ఎర్రది ఉందేమోనని తప్పక అడిగేవారు.

తిరిగి వచ్చాక తాత మిల్లులో చేరారు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. సైనికుడికీ మిల్లుకూ సంబంధం అంతకు ముందే ఉంది. మద్రాసు పెరంబూరులోని బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల ఖాకీ గుడ్డకు సైన్యంలో పేరుండేది. బెంగుళూరు ఉన్ని మిల్లు కంబళ్ళు కూడా సైన్యానికి వెళ్ళేవి. అంటే మిల్లులో నేసిన బట్ట తొడుక్కుని యుద్ధానికి పోయిన మనిషి, తిరిగి వచ్చి ఆ బట్ట నేసే చోటే బతుకు వెతుక్కున్నాడు. అప్పట్లో మన తెలుగువారు పెరంబూరులో, షోలాపూరులో, బొంబాయిలో, బెంగుళూరులో వేల సంఖ్యలో మిల్లుల్లో ఉండేవారు. షోలాపూరు పద్మశాలీలు మగ్గం నుంచి మిల్లుకు వెళ్ళినవారే.

మిల్లులో మొదటి రోజుల్లో తాతది బదిలీ పని. తెల్లవారుజామునే గేటు దగ్గర నిలబడాలి. ఆ రోజు ఎవరైనా రాకపోతే వారి చోట పని దొరుకుతుంది. దొరక్కపోతే ఇంటికి. తరువాత ఖాయమై కార్డింగు ఖాతాలో పడ్డారు. పత్తి బేళ్ళు విప్పి దులిపే చోటు బ్లో రూము. అక్కడి నుంచి వచ్చిన దూదిని ముళ్ళ చక్రాల మీద దువ్వి పోగులు సాపు చేసేది కార్డింగు. ఈ రెండు చోట్లా గాలిలో నూగు తేలుతూ ఉంటుంది. వడకడం, నేయడం జరిగే చోట దారం తెగకుండా గాలిని తడిగా ఉంచుతారు. అక్కడ ఉక్క, ఇక్కడ దుమ్ము.

ఏళ్ళ తరబడి పత్తి దుమ్ము పీల్చినవారికి ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. వైద్యులు దీన్ని బిస్సినోసిస్ అంటారు. దీనికో వింత గుర్తుంది. వారం సెలవు తరువాత మళ్ళీ పనిలోకి వచ్చిన మొదటి రోజున రొమ్ము పట్టేసినట్టు ఉంటుంది, ఊపిరి ఆడదు. మర్నాటికి కాస్త తగ్గుతుంది. మొదట్లో ఆ ఒక్క రోజే కనుక, సెలవు నాడు తిన్నది పడలేదనో, తాగి వచ్చాడనో పై వాళ్ళు అనేవారు. ఏళ్ళు గడిచేకొద్దీ వారమంతా ఆయాసమే. తరువాత దీన్ని చట్టం వృత్తి వ్యాధుల్లో చేర్చింది.

తాత ఈ జబ్బును డాక్టరు చెప్పక ముందే గుర్తు పట్టారు. ఎలాగంటారా? గుర్రాల వల్ల. దుమ్ము పట్టిన ఎండుగడ్డి మేసే గుర్రానికి కూడా దగ్గు, ఆయాసం వస్తాయి. అందుకే సయీసులు గడ్డిని దులిపి, నీళ్ళలో తడిపి పెడతారు. "గుర్రానికైతే గడ్డి తడిపి పెడితిమి, మాకు పత్తిని ఎవరు తడుపుతారప్పా" అని ఆయన అనేవారు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని పని చేసేవారట. తోటివారు మొదట నవ్వారు. కొన్నాళ్ళకు కొందరు తామూ కట్టుకున్నారు.

సాయంత్రం మిల్లు విడిచాక ఆయన నేరుగా ఇంటికి వచ్చేవారు కాదు. జట్కా స్టాండుకు వెళ్ళేవారు. అక్కడ పైసా తీసుకోకుండా గుర్రాలను చూసేవారు. గిట్ట మీద చెయ్యి వేసి వేడి ఉందా అని చూడటం, లాడం వదులైందా అని తట్టి వినడం, కళ్లెం కోసిన చోట వెన్న రాయడం. జట్కావాళ్ళకు ఆయన చెప్పే మాటలు మాకు కంఠతా వచ్చేవి. గుర్రం కడుపు చిన్నది, కాబట్టి ఒకేసారి కుక్కకూడదు, కొంచెం కొంచెంగా పలుమార్లు పెట్టాలి. నీళ్ళు ముందు, దాణా తరువాత. ఉలవలు నానబెట్టకుండా పెట్టకూడదు. కడుపునొప్పి వస్తే గుర్రం తన పక్కనే తిరిగి చూసుకుంటుంది, పొర్లుతుంది. దాన్ని మొండితనం అని కొట్టకూడదు. ఎవరైనా కొరడా ఎత్తితే "రౌతు కొద్దీ గుర్రం అని పెద్దోళ్ళు ఊరికే అనలేదు, ముందు నువ్వు సక్కంగా కూర్చో" అనేవారు.

దాదాపు 1955 ప్రాంతంలో, ఆయాసం ఎక్కువై, ఆయన మిల్లు మానవలసి వచ్చింది. మిల్లు పేరు ఎందుకు లెండి. ఒక పూలదండ, ఒక శాలువా ఇచ్చి పంపారు. ఆ రాత్రి ఇంట్లోవాళ్ళు బాధపడుతుంటే ఆయన అన్న మాట మా నాయన చాలాసార్లు చెప్పేవారు. "ఎర్రదానికి ఇది కూడా ఈయలేదు."

శ్రోతలారా, పని చేయించుకున్నవాడికి పని చేసిన జీవి పట్ల ఉండే బాధ్యత పని అయిపోగానే తీరిపోతుందా? ఈ ప్రశ్నకు మన చట్టాలు నెమ్మదిగా, మెట్టు మెట్టుగా జవాబు చెప్పాయి. 1911 చట్టం బట్టల మిల్లుల్లో మగవారి పనిని రోజుకు 12 గంటలకు పరిమితం చేసింది. 1922లో వారానికి 60 గంటలన్నారు. 1934లో 54. 1946లో దాన్ని 48 గంటలకు తెచ్చారు, స్వాతంత్ర్యం వచ్చాక 1948 ఫ్యాక్టరీల చట్టం దాన్నే నిలిపింది. ఇవి ఊరికే వచ్చినవి కావు. 1918 ఏప్రిల్‌లో మద్రాసు పెరంబూరు మిల్లు కార్మికులతో మొదలైన మద్రాసు లేబర్ యూనియన్ వంటి సంఘాలు దశాబ్దాల పాటు అడిగితే వచ్చినవి. కార్మికుల రాజ్య బీమా చట్టం 1948లో, ప్రావిడెంటు ఫండు చట్టం 1952లో, గ్రాట్యుటీ చట్టం 1972లో వచ్చాయి. గ్రాట్యుటీ అంటే ఏమిటి? ఏళ్ళ తరబడి చేసిన సేవకు, పని మానే రోజున హక్కుగా ఇచ్చే మొత్తం. దయతో ఇచ్చే శాలువా కాదు. అది తాత చేతికి అందే కాలానికి రాలేదు.

ఇంకో ముచ్చట వినండి. 1948 ఫ్యాక్టరీల చట్టం మనిషి పని రోజుకు 9 గంటలు దాటకూడదని, విశ్రాంతి లేకుండా 5 గంటలకు మించి వరుసగా పని చేయించకూడదని చెప్పింది. 1960లో జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం వచ్చింది. దాని కింద బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం 1965లో నియమాలు చేశారు. ఆ నియమాల ప్రకారం జంతువును రోజు మొత్తం మీద 9 గంటలకు మించి, విశ్రాంతి లేకుండా 5 గంటలకు మించి వాడకూడదు. వేడి 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు పనిలో పెట్టకూడదు. చూశారా? మిల్లు మనిషికీ జట్కా గుర్రానికీ ఒకటే లెక్క, తొమ్మిది, అయిదు. మా నాయన ఈ సంగతి పేపరులో చూసి తాతకు చదివి వినిపించారు. తాత కాసేపు ఆలోచించి, "మధ్యాన్నం ఎండలో గుర్రానికి రజా ఇచ్చినారు, మంచిదే. ఇది ముందే మిల్లోళ్ళకు కూడా ఇచ్చుంటే బాగుండు" అని నవ్వారు. నవ్వితే దగ్గు వచ్చేది.

ఆయన 1968లో పోయారు. పాడె లేచినప్పుడు జట్కావాళ్ళు ఆ పూట బండి కట్టకుండా వెంట నడిచారు. గుర్రాలను స్టాండులోనే వదిలి, మేత వేసి వచ్చామని వాళ్ళు మా నాయనకు చెప్పడం నాకు గుర్తుంది.

ఇప్పుడు జట్కాలు లేవు. పెరంబూరు మిల్లులు 1996లో మూతపడ్డాయి. 1982 జనవరిలో మొదలైన పెద్ద సమ్మె తరువాత బొంబాయి మిల్లులూ ఒక్కొక్కటిగా పోయాయి. అశ్విక దళంలో మిగిలినది జైపూరులోని 61వ అశ్విక దళం. 1953లో సంస్థానాల దళాలను కలిపి దాన్ని ఏర్పాటు చేసినప్పుడు మైసూరు లాన్సర్లు కూడా అందులో కలిశారు. ఏటా సెప్టెంబరు 23న హైఫా దినం జరుపుకుంటారు. హైఫాలో భారతీయ సైనికుల సమాధి స్థలం కూడా ఉంది.

మీలో చాలామంది ఇళ్ళలో ఇలాంటి తాతలు ఉండి ఉంటారు. కోలారులో, హోసూరులో, బళ్ళారిలో, షోలాపూరులో, బరంపురంలో పాత పెట్టెలు తెరిస్తే ఒక పతకమో, సైన్యం నుంచి విడుదల చేసిన కాగితమో, మిల్లు టోకెను బిళ్ళో దొరకవచ్చు. వాటిని తూకానికి వేయకండి. దాని మీదున్న నంబరు, సంవత్సరం ఒక కాగితం మీద రాసి, ఆ మనిషి పేరు పక్కన పెట్టి దాచండి. ఇంట్లో పెద్దవారు ఉంటే, వారు చేసిన పని ఏమిటో, ఏ ఖాతాలోనో, ఏ గుర్రాన్నో, ఏ ఎద్దునో చూసుకున్నారో అడిగి తెలుసుకోండి. మీ చుట్టుపక్కల ఇటుక బట్టీలో, పెళ్ళి ఊరేగింపులో గుర్రమో గాడిదో కనబడితే, ఒక బక్కెట్టు నీళ్ళు పెట్టించండి. మధ్యాహ్నపు ఎండలో పని చేయిస్తుంటే, ఆ మూడు గంటల నియమం సంగతి యజమానికి మెల్లగా చెప్పండి. చాలామందికి అది తెలియదు.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు. ఈసారి ఈ మాట అన్నప్పుడు విసుక్కోకుండా అని చూడండి.